నా చేతి కొలతకి బేస్ గిటారు

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అక్కడ మీకెవరున్నారు?" ఎవరూ లేరు. పెళ్ళికి వెళ్ళలేదు, పేరంటానికి వెళ్ళలేదు. బేస్ గిటారు చేయించుకోవడానికి వెళ్ళానంటే నమ్మేవాళ్ళు తక్కువ. జాకెట్లు కుట్టే వసంతకి గిటారేమిటి, దానికోసం రైలెక్కి జార్ఖండ్ పోవడమేమిటి అని మొహం మీదే నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు నా సంగతి. గాజువాకలో నాకు టైలరింగ్ షాపు ఉంది. పదిహేడేళ్ళుగా ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు కూడా వాయిస్తున్నాను. పెళ్ళి రిసెప్షన్‌లో స్టేజీ వెనక వరసలో, డ్రమ్స్ పక్కన, పట్టుచీర కట్టుకుని నాలుగు లావుపాటి తీగల గిటారు పట్టుకున్న ఆడమనిషిని మీరెప్పుడైనా చూసి ఉంటే అది నేనే. రెండేళ్ళ క్రితం షాపు షట్టరు జారి నా ఎడమ చేతి మీద పడింది. ఉంగరపు వేలు కొంత కోలుకుంది. చిటికెన వేలు సగమే వంగుతుంది. కుట్టుపనికి ఇబ్బంది లేదు గానీ బేస్ వాయించాలంటే ఆ రెండు వేళ్ళూ బారుగా చాచి తీగని నొక్కాలి. మామూలు బేస్ మెడ మీద అడ్డంగా బిగించిన మెట్లకి నా వేళ్ళు అందడం మానేశాయి. బజార్లో దొరికే పొట్టి రకం తెచ్చుకున్నాను. దాని మెడ లావు, నా చెయ్యి చుట్టూ తిరగదు.

మా ఆర్కెస్ట్రా నడిపే రమణ మాస్టారు రెండేళ్ళపాటు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి నెట్టుకొచ్చారు. మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గర పడేసరికి ఆయనకీ ఓపిక అయిపోయింది. నేను జంషెడ్‌పూర్ రైలెక్కే ముందురోజు "నువ్వు వస్తానంటే నీ చోటు నీదే. కాదంటే ఇంకొకరిని ఖాయం చేసుకుంటాను. ఏ సంగతీ ఈ ఆదివారంలోగా చెప్పమ్మా" అన్నారు. అదీ నా పరిస్థితి. ఈ గిటారు నా చేతికి పడితే వాయిస్తాను, పడకపోతే మానేస్తాను.

జంషెడ్‌పూర్‌లో అప్పలస్వామి గారని ఒక పెద్దాయన చేత్తో ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తారని మా లీడ్ గిటారిస్టు అంతకు కొన్ని నెలల ముందే చెప్పాడు. ఫోన్ చేస్తే అచ్చమైన శ్రీకాకుళం మాట వినిపించింది. "బాడీ, మెడ సెక్కీసి ఉంచుతాను. మెట్లు కూడా దిగ్గొట్టీసి ఉంచుతాను. మెడ ఎనకాల పని మాత్రం నీ సెయ్యి నేకుండా అవదు. కొలతలు ఫోన్లో సెప్తే కుదరదమ్మా, సేతిని తీసుకొచ్చీ" అన్నారు. ఫోన్లో కొలతలు చెప్పే కస్టమర్లతో నేనూ సరిగ్గా ఇదే అంటాను. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరిపోయింది.

రైల్లో ఖాళీ సంచీ

గిటారు తెచ్చుకోవాలి కదా అని మెత్తటి గిటారు సంచీ ఖాళీది ఒకటి భుజాన వేసుకుని రైలెక్కాను. మడిస్తే పాడవుతుందని బెర్తు మీద పొడుగునా పరిచాను. పలాసలో ఎక్కిన ఒక పెద్దావిడ దాన్ని చూసి నిలబడిపోయింది.

"లోపలేటుందమ్మా?"

"ఏమీ లేదండీ. ఖాళీ సంచీ."

"ఖాళీ సంచీకి పరుపేటి?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఆవిడ టాటానగర్‌లో ఉన్న కూతురికి జీడిపప్పు తీసుకెళ్తోంది, ఒకటీ రెండూ కాదు, పెద్ద సంచీడు. ఆ సంచీ చిల్లు పడి పొట్లాలు జారుతున్నాయి. కాసేపటికి అవన్నీ నా గిటారు సంచీలోకి చేరాయి. నా గిటారుకంటే ముందు ఆ సంచీలో పలాస జీడిపప్పు ప్రయాణం చేసింది. బదులుగా నాకు దారి పొడుగునా వేయించిన పప్పు, ఆవిడ కూతురి అత్తగారి మీద చాడీలు దొరికాయి.

"సలి బట్టలు తెచ్చుకున్నావా?" అని అడిగింది. నేను నా సన్నటి శాలువా చూపించాను. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి ఏమీ అనకుండా వదిలేసింది. టాటానగర్‌లో పొద్దున్నే దిగాక ఆ మౌనానికి అర్థం తెలిసింది. మా వైపు డిసెంబరు అంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించడం. ఇక్కడ ఆటోవాళ్ళు మంకీ క్యాపు మీద మఫ్లరు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. ప్లాట్‌ఫారం మీద పెద్దావిడ అల్లుడు గిటారు సంచీ జిప్పు తీసి జీడిపప్పు పొట్లాలు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే పదిమంది గుమిగూడి చూశారు.

సోనారి: మైనంలో నా పట్టు

అప్పలస్వామి గారి ఇల్లు సోనారిలో, చిన్న విమానాలు దిగే చోటికి దగ్గర. గేటు తీసేసరికి ఆయన భార్య పార్వతమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్ళి తన స్వెట్టరు తెచ్చి ఇచ్చారు. పలకరింపు ఆ తర్వాత.

"ఏటమ్మా, ఈ గుడ్డముక్కతో ఒచ్చీసినావు. ముందు టీ తాగు. ఆయనెక్కడికీ పోరు."

ఆయన పెరట్లో రేకుల షెడ్డులో ఉన్నారు. అరవై ఏడేళ్ళ మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, చొక్కా నిండా చెక్కపొట్టు. నమస్కారం పెట్టబోతే "సెయ్యి ఇటివ్వు" అని ఎడమ చేతిని తీసుకున్నారు. డాక్టర్లు కూడా అంతసేపు చూడలేదు. చిటికెన వేలు మెల్లగా వంచి, "ఇక్కడొరకేనా? నొప్పెడతందా?" అని అడిగారు. నొప్పి లేదు, అక్కడే ఆగిపోతుంది అన్నాను. "ఆగిపోతే పర్వానేదు. ఎక్కడ ఆగతందో తెలిస్తే సాలు" అన్నారు.

ఆయన పాతికేళ్ళప్పుడు ఇచ్ఛాపురం దగ్గరి ఊరినుంచి వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు ఫౌండ్రీ ప్యాటర్న్ షాపులో పనిచేశారు. ఇనుముతో ఏదైనా పోతపోయాలంటే ముందు దాన్ని చెక్కతో చేయాలట. ఆ చెక్క నమూనాని ఇసుకలో అదిమి బయటికి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేయడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోక ఎవరిదో విరిగిన గిటారు బాగుచేశారు. అక్కడినుంచి ఇప్పటికి పంతొమ్మిది గిటార్లు చేశారు. నాది ఇరవయ్యోది.

బల్ల మీద అది పడుకుని ఉంది. బాడీ గుమ్మడి టేకు, లేత పసుపు రంగు. మెడ టేకు. మెట్లు కొట్టిన పలక ముదురు రంగు శీషం చెక్క. ముట్టుకోవచ్చా అని అడగడం కూడా మర్చిపోయి ముట్టేసుకున్నాను. అంచుల మీద వేలు రాస్తే ఎక్కడా నిట్టనిలువుగా లేదు, అన్నీ కొద్దిగా వాలుగా ఉన్నాయి. ఎందుకలా అంటే ఆయన కాస్త సిగ్గుపడ్డారు.

"ఇసకలోంచి పైకి రావాలంటే వాలు ఉండాల. నేకపోతే ఇసక ఇరిగిపోద్ది."

"గిటారు ఇసకలో పెట్టం కదా బాబాయ్ గారూ?"

"పెట్టం. సెయ్యి అలగే పోతాది."

పార్వతమ్మ గారు గుమ్మంలోంచి అందుకున్నారు. "పీట సేసినా అంతే, పూజగది తలుపు సేసినా అంతే. ఈయన రిటైరు అయినారు గాని సెయ్యి అవనేదు."

నా చేతి కొలత తీయడానికి ఆయన టేపు ముట్టుకోలేదు. ఒక కర్రకి మెత్తటి మైనం ముద్ద చుట్టి, "గిటారు అనుకుని పట్టుకో. నాకోసం కాదు, నీకు ఎలగ సుకంగా ఉంటే అలగ" అన్నారు. పట్టుకుని వదిలాను. మైనంలో నా బొటనవేలి ఒత్తు, అరచెయ్యి గుంట, సగం వంగిన చిటికెన వేలు, అన్నీ పడ్డాయి. మైనం మీద ఒక పక్క ఎక్కువ నొక్కుకుపోయింది. మెడని ఆ పక్కే పల్చగా చేయాలని ఆయన పెన్సిలుతో గీత గీశారు. ఇరవై ఏళ్ళుగా చంకలు, భుజాలు కొలుస్తున్న నాకు ఈ ఉపాయం ఎప్పుడూ తట్టలేదు.

ఆ రోజంతా ఆయన చిన్న చిత్రికతో, ఆకురాయితో మెడ వెనక గీకడం, నేను పట్టుకుని చూడడం. మా షాపులో ట్రయల్ వేసినట్టే. "ఇంకొద్దిగా తీసీమంటావా? తీసీసిన సెక్క మళ్ళీ అతకదు, అందుకే అడగతన్నాను" అనేవారు ప్రతిసారీ. నెత్తిమీద చిన్న విమానం పోతే ఇద్దరం మాట ఆపి, అది వెళ్ళాక మొదలుపెట్టేవాళ్ళం. సాయంత్రానికి నా నాలుగు వేళ్ళూ మొదటి నాలుగు మెట్ల మీద వాటంతటవే కూర్చున్నాయి. రెండేళ్ళలో అది మొదటిసారి. నేను గట్టిగానే ఏడ్చాను, పార్వతమ్మ గారు చూసి పప్పుచారులో ఇంకో గరిటె నెయ్యి వేశారు.

జుగ్సలాయి లక్క

రెండో రోజు రంగు పని. ఆయన స్ప్రే పెయింటు వాడరు. లక్కనే స్పిరిట్లో కరిగించి గుడ్డ ఉండతో రుద్దుతారు. నాకు లక్క అంటే గాజులు, రిజిస్టరు పార్సిలు మీద ఎర్రటి సీలు. గిటారుకి వేస్తారని తెలియదు. "ఇక్కడి సెట్టు మీద పురుగు సేసిందే కదా, ఇక్కడ దొరికిందే ఎయ్యాల" అన్నారు.

కొనుక్కురావడానికి ఆయన కూతురు లలితతో జుగ్సలాయి వెళ్ళాను. లలిత స్కూల్లో సైన్సు చెబుతుంది. మన మాట అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. నేను తెలుగులో అడగడం, తను హిందీలో చెప్పడం, అలా స్కూటరు మీద ఊరంతా తిరిగాం. మూడో రోజుకి నాకు నా హిందీ మీద లేనిపోని ధైర్యం వచ్చేసింది కూడా.

జుగ్సలాయి సందులు మా పూర్ణా మార్కెట్ సందుల్లాంటివే. బస్తాలు, తోపుడు బళ్ళు, అడ్డంగా నిలబడ్డ టెంపో. లక్క అమ్మే సేఠ్ గోడౌన్లో కింద గోనె పరిచి పల్చటి పెచ్చులు కుప్పలుగా పోశారు. తేనె రంగు, నారింజ రంగు, ముదురు ఎరుపు. వెలుగులోకి పట్టుకుంటే అద్దం ముక్కల్లా ఉన్నాయి. సేఠ్ "చూడీ బనానా హై?" అని, గాజులు చేయడానికా అని అడిగాడు. కాదు, గిటారుకి అని లలిత చెబితే ఆయన లేచి నిలబడ్డాడు. కుసుమ్ చెట్టు మీది లక్క పెచ్చులు వేరే డబ్బాలోంచి తీసి, "యే లీజియే, రంగ్ హల్కా హై, లకడీ దిఖేగీ" అన్నాడు. చెక్క గీతలు కనపడాలంటే ఇదే వాడాలట. నేను బేరమాడదామని నోరు తెరిచేసరికి లలిత నా చెయ్యి గిల్లింది. ఆయన అప్పటికే తూకానికి మించి ఒక గుప్పెడు వేసేశాడు.

బయట లిట్టీ తిన్నాం. గోధుమపిండి ఉండలో సత్తు, అంటే వేయించిన శనగల పిండి, కూరి నిప్పుల మీద కాల్చి, పగలగొట్టి నేతిలో ముంచి ఇస్తారు, పక్కన కాల్చిన వంకాయ పచ్చడి. రెండు లిట్టీలు నలభై రూపాయలు. ఆ వంకాయ పచ్చడి తింటుంటే అచ్చం మా అమ్మ బండ పచ్చడిలా ఉంది, ఆవనూనె ఘాటు ఒక్కటే తేడా. రెండో ప్లేటు కూడా తిన్నాను. ఇంటికొస్తే పార్వతమ్మ గారు మడువా రొట్టె చేసి పెట్టారు. మనం చోడిపిండి, రాగిపిండి అంటామే, అదే. ఊళ్ళో అంబలి తాగిన పిండిని ఇక్కడ రొట్టె చేసుకున్నామని నవ్వారు.

లక్క రుద్దడం చూడాలి. గుడ్డ ఉండని లక్కలో ముంచి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోతారు, ఎక్కడా ఆపకూడదు. ఒక పొర ఆరాక ఇంకోటి. పసుపు చెక్క కాస్తా నిమిషాల్లో తేనె రంగుకి తిరిగింది. నేను ఆగలేక, ఆరిందనుకుని బొటనవేలు ఆనించాను. వేలిముద్ర అచ్చుపడింది. నా ప్రాణం పోయింది. ఆయన మాత్రం "అందరూ ఆనిస్తారు. నువ్వు కొంచెం ఆలీసంగా ఆనించినావు" అని గుడ్డ ఉండతో రెండు చుట్లు తిప్పితే ముద్ర మాయమైపోయింది.

బిష్టుపూర్, ఒక కుట్టు మిషను

మూడో రోజు బిష్టుపూర్‌లో తీగలు, వైరు గుచ్చే జాక్, వాల్యూము మీటలు కొన్నాం. ఆ షాపుల గురించి రాయాల్సిందేమీ లేదు, మన డాబా గార్డెన్స్‌లో దొరికేవే. అసలు సంగతి ఇంటికొచ్చాక మొదలైంది.

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద, వాటి అదురుని పట్టి ఆంప్లిఫయరుకి పంపే పికప్ ఉంటుంది, అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్టిన ఉండ. అది లలిత పని. మోటారు వైండింగ్ షాపునుంచి తీగ తెచ్చుకుని పాత కుట్టు మిషను చక్రానికి బిగించి చుడుతుంది. ఏడు వేల చుట్లు. ఆ పూట తీగ రెండుసార్లు తెగింది. తన కాలు పెడల్ మీద ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడుతోంది. చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు.

"జరుగమ్మా లలితా. ఇది నా పని."

"దీదీ, బహుత్ పత్‌లా తార్ హై." తీగ మరీ సన్నమని తన భయం.

"జార్జెట్టు మీద పికో చేసే కాలు ఇది."

ఏడు వేల చుట్లూ తెగకుండా చుట్టాను. చుట్లు లెక్కపెట్టే మీటర్లో ఏడు వేలు పడగానే లలిత చప్పట్లు కొట్టింది. నా గిటారు గొంతు నా కాలితో నేనే చుట్టుకున్నానన్నమాట. ఆ ఆనందంలో మాస్టారికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. ఆపుకున్నాను. ఇంకా తీగలు ఎక్కించలేదు కదా.

తేడా ఎక్కడుంది

నాలుగో రోజు మధ్యాహ్నం తీగలు ఎక్కించారు. బ్రిడ్జి, అంటే తీగలు కింద ఆనుకునే ఇత్తడి పలక, దాన్ని ఉదయమే టేపుతో కొలిచి బిగించారు. చిన్న ఆంప్లిఫయరుకి తగిలించి మొదటి తీగ మీటాను. ఇల్లంతా నిండిపోయింది. పార్వతమ్మ గారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

తర్వాత శృతి చూసుకోవాలి. ఫోన్లో ట్యూనర్ పెట్టి, తీగని నొక్కకుండా మీటితే సూది మధ్యలో నిలబడింది. సగానికి, అంటే పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో రావాలి. రాలేదు. సూది కుడివైపుకి దాటిపోయింది. స్వరం పైకి పోయింది. అన్ని తీగలూ అంతే. బ్రిడ్జి మీద చిన్న మరలుంటాయి, వాటితో ఆయన తీగని వెనక్కి జరిపారు. ఇక జరగనంత జరిపినా సూది కుడివైపునే ఉంది.

కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. వేళ్ళు దెబ్బతిన్నాక నేను తీగని అవసరానికి మించి నొక్కుతున్నాను. అలా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఫిజియోథెరపీ ఆవిడ కూడా చెప్పింది, మీకు ఆ వేళ్ళలో బలం ఎంత పడుతోందో తెలియడం లేదని. మళ్ళీ నొక్కాను, మెల్లగా నొక్కాను, ఇంకో వేలితో నొక్కాను. మెల్లగా నొక్కితే బరబరమంటోంది, సరిగ్గా నొక్కితే పైకి పోతోంది. ఇంత మంచి గిటారు చేసి పెట్టినా వాయించలేకపోతే ఇంక తప్పు ఎవరిది?

"బాబాయ్ గారూ, గిటారు బాగుంది. నా వేళ్ళే అయిపోయాయి" అన్నాను.

ఆయన కాదనలేదు, అవుననలేదు. గిటారు తీసుకుని షెడ్డులో పెట్టి తలుపు వేశారు. ఆ రాత్రి మాస్టారికి ఏ మాటల్లో చెప్పాలో కూడా మనసులో కట్టుకున్నాను. మానేస్తానని చెప్పే మాటలు కట్టుకోవడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది.

పొద్దున టీ తాగుతుంటే షెడ్డులోంచి పిలిచారు. వెళ్ళి చూద్దును కదా, పన్నెండో మెట్టు వెనక తీగ మీద ఒక చెక్కముక్క పెట్టి చిన్న బిగింపుతో పట్టించారు. అదీ ఒళ్ళు తెలియకుండా నొక్కేది కాదు, తీగ మెట్టుకి ఆనేంత వరకే. "ఇప్పుడు మీటు" అన్నారు. మీటాను. సూది కుడివైపుకి పోయింది.

"సెక్కముక్క మీద సట్టరు పడనేదు కదా" అన్నారు.

ఆయన టేపు తీసి మెడ పైకొస నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచారు. తీగ ముప్పై అంగుళాలు కాబట్టి సగానికి పదిహేను అంగుళాలు ఉండాలి. దాటి ఉంది. సొరుగు లాగి ఒక ఉక్కు స్కేలు తీసి టేపు పక్కన పెట్టారు. రెండింటి మీదా అంగుళాలే. కానీ స్కేలు మీది పన్నెండు అంగుళాలు టేపు మీది పన్నెండు దాటిపోయాయి. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు.

అది ప్యాటర్న్ షాపు స్కేలు. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది, అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు. అందుకని చెక్క నమూనాని ముందే అంత పెద్దదిగా చేయాలి. ప్రతిదానికీ లెక్కలు వేసుకోకుండా వాళ్ళకి అంగుళాలే సాగదీసిన స్కేలు ఇస్తారు. మామూలు గిటార్లకి ఆయన దగ్గర మెట్ల అచ్చు ఉంది. నాది ముప్పై అంగుళాల పొట్టి తీగ, అచ్చు లేదు, కొత్తగా గీయాలి. సన్నటి గీతలున్న మంచి స్కేలు అవసరమై చెయ్యి సొరుగులోకి పోయింది. మెట్లు ఆ స్కేలుతో గీశారు. బ్రిడ్జి టేపుతో పెట్టారు.

"ముప్పై ఒక్క సమచ్చరం పట్టుకున్న స్కేలమ్మా" అన్నారు. "నీ సేతిది కాదు తప్పు. నాది. నిన్న నువ్వు నీ ఏళ్ళని అంటంటే నోరు మూసుకుని ఇన్నాను. సిగ్గేస్తంది."

వెనకనుంచి పార్వతమ్మ గారి గొంతు. "పోయినేడు ఫ్రిజ్జు పక్కకి సేసిన బీరువా దూరనేదు కదా. గోడ వంకర అన్నారు. ఆ స్కేలు ఇలాగియ్యండి."

ముందు నేను నవ్వాను. తర్వాత లలిత. తర్వాత ఆయన కూడా, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. నాకు అర్థం కాకపోవడమేమీ లేదు. కోరా బట్ట ఉతికితే ముడుచుకుంటుందని మేమూ పెంచే కత్తిరిస్తాం. నా గిటారుని పోతపోసి చల్లార్చి ఉంటే సరిగ్గా ముప్పై అంగుళాలు వచ్చేది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నా దగ్గర జాకెట్టు పట్టకపోతే ఆడవాళ్ళు వెంటనే "నేనే లావయ్యాను" అంటారు. చాలాసార్లు తప్పు నా కత్తెరది. నేను నోరు మూసుకుని కుట్లు విప్పుతాను. బాబాయ్ గారు ఒక్క రాత్రి మూసుకుని పొద్దున్నే చెప్పేశారు. నేను ఇరవై ఏళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు.

ఆదివారం ఎండలో

మరమ్మతు చిన్నదే. బ్రిడ్జిని ఎనిమిది మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. పాత మరల గుంటల్లో అదే గుమ్మడి టేకు పుల్లలు జిగురుతో దిగ్గొట్టి, కోసి, కొత్త గుంటలు వేశారు. పాతవి పలక కింద దాగిపోయాయి. ఈసారి బ్రిడ్జి కొలవడానికి ఆయన ఆ ఉక్కు స్కేలే తీశారు. "మెట్లు దీంతోనే గీసినాం కదా, ఇదీ దీంతోనే కొలవాల" అన్నారు. ప్రపంచంలో ఏ కంపెనీ ముప్పై అంగుళాల ఎనిమిది మిల్లీమీటర్ల బేస్ గిటారు చేయదని మా లీడ్ గిటారిస్టు ఇప్పుడు అంటున్నాడు. చేయకపోతే పోనీ.

పెరట్లో ఎండ బాగా కాస్తోంది. ఆంప్లిఫయరు గుమ్మం మీద పెట్టి నేను పీట మీద కూర్చున్నాను. పీట కూడా వాలుగానే ఉంది. పన్నెండో మెట్టు నొక్కి మీటాను. సూది మధ్యలో నిలబడింది. నాలుగు తీగలూ చూశాను, నాలుగుసార్లూ మధ్యలోనే. చిటికెన వేలితో నొక్కాను, సగం వంగే వేలితో. మధ్యలోనే.

తర్వాత ఆపలేదు. పెళ్ళిళ్ళలో పదిహేనేళ్ళు వాయించినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేశాయి. మరిచిపోయాననుకున్న చోట్ల కూడా వేళ్ళు పరుగెత్తాయి. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూశారు. బాబాయ్ గారు నా మొహం చూడలేదు, మెడ చుట్టూ తిరిగే నా బొటనవేలినే చూస్తూ కూర్చున్నారు. వేళ్ళు నొప్పెట్టాయి, చాలా రోజుల తర్వాత పని చేసిన నొప్పి. ఎంత సంతోషంగా ఉన్నానో నాకు సరిగ్గా రాయడం రావడం లేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. "ఏమైందమ్మా వసంతా?" అన్నారు, ఆస్పత్రిలో పలకరించినట్టు. దెబ్బ తగిలిన రోజునుంచీ ఆయన నాతో అలాగే మాట్లాడుతున్నారు. అంతకుముందు పదిహేనేళ్ళూ రిహార్సల్లో నన్ను తిట్టని రోజు లేదు. నేనేమీ చెప్పలేదు. ఫోన్ని ఆంప్లిఫయరు ముందు పెట్టి, మేము ప్రతి పెళ్ళిలో మొదట వాయించే పాట మొదలునుంచి చివరిదాకా వాయించాను. అయ్యాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"రెండో చరణంలో పరుగెందుకు?" అన్నారు మాస్టారు. "ఎన్నేళ్ళనుంచి మొత్తుకుంటున్నాను? అక్కడ ఆగు అంటే ఆగవు. అసలు నీకు చెవులున్నాయా? మంగళవారం ఆరింటికి రిహార్సలు. అయిదు నిమిషాలు లేటయినా నేను మొదలుపెట్టేస్తాను."

సరే మాస్టారూ అన్నాను.